అత్యవసర ద్వారానికీ తాళం కావాలి



ఈ పత్రికలో మేము మామూలుగా బాలింతల ఆహారం గురించి, చక్కెర వ్యాధి ఉన్నవారు పాదాలను కాపాడుకునే విధం గురించి, మన ప్రాంతపు ఎండల్లో వడదెబ్బ గురించి రాస్తూ ఉంటాము. ఈ సంచికలో మాత్రం కంప్యూటరు గురించి రాస్తున్నాము. నర్సింగ్ సూపరింటెండెంటుకు కంప్యూటరుతో ఏమి పని అని మీరు అనుకోవచ్చు. మేము జనరల్ నర్సింగ్ డిప్లొమా చదివిన రోజుల్లో మా చేతిలో ఉన్న యంత్రాలు థర్మామీటరు, బి.పి. మిషను, సిరంజిలు ఉడకబెట్టే స్టెరిలైజరు, అంతే. ఈనాడు మీ రక్తపరీక్ష ఫలితం, మీ మందుల చీటీ, మీ బిల్లు, గత ఏడాది మీకు జరిగిన ఆపరేషను వివరం అన్నీ ఒక చిన్న గదిలోని ఒక పెట్టెలో ఉన్నాయి. ఆ పెట్టె అర్ధరాత్రి ఆగిపోతే దాని ముందు నిలబడేది ఇంజనీరు కాదు, డ్యూటీలో ఉన్న నర్సు. అందుకే ఈ విషయం మాట్లాడవలసిన బాధ్యత మాకూ ఉంది.

ఒక రాత్రి జరిగినది

కొన్ని సంవత్సరాల క్రితం మాట. రాత్రి రెండు గంటల వేళ. ప్రసవమైన ఒక తల్లికి రక్తస్రావం ఆగడం లేదు. మధ్యాహ్నం చేసిన రక్తపరీక్షల ఫలితాలు కంప్యూటరులో ఉన్నాయి. తెర మీద ఒక గుండ్రని గుర్తు తిరుగుతూ ఉంది తప్ప ఏమీ రావడం లేదు. సర్వరు ఆగిపోయింది. దానిని చూసుకునే తమ్ముడు తెల్లవారుజామున ముహూర్తమున్న ఒక పెళ్లికి ప్రొద్దుటూరు వెళ్లి ఉన్నాడు. ఫోను చేస్తే, "అక్కా, నేను ఈడ నుంచే లోపలికి వచ్చి చూస్తా. ముందు మీరు ఆ గదిలోకి పోయి తెరవాల. పాస్‌వర్డు చెప్తా, రాసుకోండి" అన్నాడు. మా సిస్టరు చేతికందిన కాగితం మీద రాసుకుంది. అరగంటకు సర్వరు లేచింది.

ఆలోపే డాక్టరుగారు కంప్యూటరు కోసం కాచుకోకుండా మళ్లీ రక్తం తీయించి గ్రూపు, క్రాస్ మ్యాచింగ్ చేయించారు. ఎక్కించే ముందు అలా చేయించడమే పద్ధతి కూడా. ఆ తల్లి వారం తర్వాత బిడ్డతో క్షేమంగా ఇంటికి వెళ్లింది.

కాగితం మాత్రం అక్కడే ఉండిపోయింది. "మళ్లీ అవసరం పడవచ్చు" అని ఎవరో దానిని ప్లాస్టరు ముక్కతో మానిటరు అంచుకు అంటించారు. మేము రోజూ రౌండ్లకు వెళ్తూ దానిని చూశాము, చూసి ఊరకున్నాము. మూడు నెలల తర్వాత ఒక రోగి తాలూకు పిల్లవాడు ఫోను పట్టుకొని వచ్చి, "సిస్టరమ్మా, ఇది వైఫై పాస్‌వర్డేనా? నా ఫోనుకు పడటం లేదు" అని అడిగాడు. అప్పుడు మాకు ఒళ్లు జలదరించింది.

తరువాత విచారిస్తే తెలిసిన సంగతులు ఇంకా సిగ్గుపడేవి. ఆ పాస్‌వర్డు సర్వరు పెట్టిన నాడు ఇచ్చినది, ఎన్నడూ మార్చలేదు. దూరం నుండి లోపలికి వచ్చే దారి ఇరవై నాలుగు గంటలూ తెరిచే ఉంది. ఉద్యోగం మానివెళ్లిన ఇద్దరికి అది ఇంకా తెలుసు. ఈ ఏర్పాటు చేసినవారి తప్పు కొంత, అడగని మా తప్పు కొంత. మీ రహస్యాలు దాచిన బీరువా తాళం చెవిని మేము గోడకు వేలాడదీసినట్లే అయింది. దేవుని దయ వలన నష్టం జరగలేదు. జరగలేదు గదా అని మరచిపోవడం మాకు ఇష్టం లేదు. అందుకే రాస్తున్నాము.

దూరపు చెయ్యి అంటే ఏమిటి?

సర్వరు అంటే మరేమీ కాదు. ఓ.పి. కౌంటరు, ల్యాబ్, ఫార్మసీ, వార్డు, ఈ చోట్ల ఉన్న కంప్యూటర్లన్నీ సమాచారం కోసం అడిగే పెద్ద కంప్యూటరు. అది ఆగితే తక్కినవి ఉన్నా లేనట్లే. దానిని బాగుచేయగలవాడు ఎప్పుడూ ఆసుపత్రిలో ఉండడు. మన వంటి ఆసుపత్రికి అంత జీతం పెట్టే శక్తి లేదు. సాఫ్ట్‌వేరు ఇచ్చినవారు హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉంటారు. వారు తమ చోట కూర్చొని ఇంటర్నెట్టు ద్వారా మన సర్వరు తెరను చూస్తూ, మన సర్వరు ముందే కూర్చున్నట్లు పని చేయడాన్ని రిమోట్ యాక్సెస్ అంటారు. దూరపు చెయ్యి అనుకోండి.

ఒక్కొక్కసారి సర్వరు పూర్తిగా మొరాయిస్తుంది. అప్పుడు ఈ చెయ్యి కూడా అందదు. అందుకని మంచి సర్వర్లలో లోపలే ఇంకొక చిన్న కంప్యూటరు ఉంటుంది. పెద్దది స్పృహ తప్పినా చిన్నది మేలుకొనే ఉంటుంది. దానికి వేరే తీగ, వేరే దారి ఉంటాయి. మామూలు ఇంటర్నెట్టు పోయినప్పుడు సిమ్ కార్డుతో నడిచే మరొక మోడెము ద్వారా ఆ చిన్న కంప్యూటరును చేరి, పెద్దదానిని ఆపి మళ్లీ లేపవచ్చు. ఇది చాలా ఉపయోగకరమైన ఏర్పాటు. అంతే అపాయకరమైనది కూడా. ఎందుకంటే ఆ చిన్న కంప్యూటరు ఎవరి చేతిలో ఉంటే సర్వరు మొత్తం వారి చేతిలో ఉన్నట్లే.

మూసివేయడం మందు కాదు

ఆ కాగితం సంగతి బయటపడిన తర్వాత కమిటీలో కొందరు పెద్దలు, "ఈ దూరపు యవ్వారమే వద్దు, దారి మొత్తం మూసేయండి" అన్నారు. మాటలో న్యాయం లేకపోలేదు. కానీ మేము ఒప్పుకోలేదు. కారణం మన జిల్లాల వారికి చెప్పనవసరం లేదు.

2009 అక్టోబరు 2వ తేదీని కర్నూలు వారు ఎవరూ మరవలేరు. తుంగభద్ర, హంద్రీ రెండూ పొంగి ఒక్క రాత్రిలో పట్టణాన్ని ముంచాయి. కరువు సీమ అనుకునే చోట జనం మిద్దెల మీదికి ఎక్కి ప్రాణాలు కాపాడుకున్నారు. కరెంటు లేదు, ఫోన్లు లేవు, రోడ్లు తెగాయి. 2021 నవంబరులో కడప జిల్లాలో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినప్పుడు రాజంపేట వైపు పల్లెలకు అదే గతి పట్టింది. వీటి మధ్యలో 2020 మార్చి చివర దేశమంతా లాక్‌డౌన్ వచ్చింది. ఆ ఏప్రిల్ నెలలో కర్నూలు జిల్లాలో కేసులు ఎక్కువై ఎన్నో వీధులకు కంచెలు కట్టారు. కంప్యూటరు బాగుచేసే మనిషి రాదలచినా రాలేని రోజులు అవి. రోగులు మాత్రం వస్తూనే ఉన్నారు.

మనిషి రాలేని రోజున దూరపు చెయ్యి కావాలి. ఆపరేషను థియేటరు వెనుక అత్యవసర ద్వారం ఎందుకు పెడతారో ఇదీ అందుకే. దొంగలు వస్తారని ఆ ద్వారానికి ఇటుకలు కట్టేయము. అలాగని రాత్రింబగళ్లు బార్లా తెరిచీ పెట్టము.

ఒక్క సంగతి ఇక్కడ చెప్పాలి. వరదలో కరెంటు, ఇంటర్నెట్టు రెండూ పోతే ఏ దూరపు చెయ్యీ పనిచేయదు. ఆ రోజుకు కాగితం, కలము, కార్బను పేపరు కావాలి. ఆ సంగతి కింద మళ్లీ చెప్తాము.

తెరిచి పెట్టినవారికి ఏమైంది?

ఇది మనవంటి చిన్నవారి భయం మాత్రమే కాదు. 2017 మే నెలలో వాన్నాక్రై అనే కంప్యూటరు తెగులు ప్రపంచమంతా పాకింది. అది ఫైళ్లకు తాళం వేసి, తీయడానికి డబ్బు అడుగుతుంది. ఇటువంటి వాటిని రాన్సమ్‌వేర్ అంటారు. మన ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు కార్యాలయాల కంప్యూటర్లకు కూడా అది తగిలింది. ఇంగ్లండులో ప్రభుత్వ ఆసుపత్రుల్లో వేలకొద్దీ అపాయింట్‌మెంట్లు రద్దయ్యాయి. ఆ తెగులుకు మందు, అంటే సాఫ్ట్‌వేరు దిద్దుబాటు, రెండు నెలల ముందే వచ్చింది. వేసుకోనివారే పడిపోయారు. టీకా సంగతి తెలిసిన మనకు ఇది కొత్త పాఠం కాదు. 2019లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ విద్యుత్ పంపిణీ సంస్థల వెబ్‌సైట్లు ఇటువంటి దాడికే నిలిచిపోయాయి.

2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ ఆసుపత్రి సర్వర్లు ఆగిపోయాయి. దేశంలోని పెద్ద ఆసుపత్రుల్లో ఒకటి. రిజిస్ట్రేషను, బిల్లు, ల్యాబ్ రిపోర్టు అన్నీ సుమారు రెండు వారాలు చేతిరాతతో నడిచాయి. అయిదు సర్వర్లలోని సుమారు 1.3 టెరాబైట్ల సమాచారానికి దుండగులు తాళం వేశారని ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పింది. లోపల ఒక విభాగానికీ మరొక విభాగానికీ మధ్య గోడలు సరిగా లేకపోవడం కారణమని కూడా చెప్పింది. అంటువ్యాధి వార్డుకు, పిల్లల వార్డుకు నడుమ తలుపు లేనట్లన్నమాట. దాడి తగలని చోట ఉంచిన మరొక ప్రతి నుండి సమాచారాన్ని తిరిగి తెచ్చుకోగలిగారు. ఆ ప్రతి లేకుంటే ఏమయ్యేదో ఊహించుకోండి.

మన విషయానికి అన్నిటికంటే దగ్గరగా ఉన్నది అమెరికా సంగతి. అక్కడ ఆసుపత్రుల బిల్లులు, ఇన్సూరెన్సు చెల్లింపులు చూసే ఛేంజ్ హెల్త్‌కేర్ అనే పెద్ద సంస్థ ఉంది. 2024 ఫిబ్రవరి 12న దొంగలు ఎవరిదో పాస్‌వర్డు సంపాదించి, ఉద్యోగులు దూరం నుండి పని చేయడానికి పెట్టిన ద్వారం గుండానే లోపలికి వెళ్లారు. ఆ ద్వారానికి పాస్‌వర్డు ఒక్కటే కాపలా. ఫోనుకు వచ్చే రెండవ సంకేతం వంటిది అడగలేదు. తొమ్మిది రోజులు లోపల తిరిగి 21వ తేదీన అన్నిటికీ తాళం వేశారు. దేశమంతటా మందుల దుకాణాలు, ఆసుపత్రులు అవస్థ పడ్డాయి. మాతృసంస్థ అప్పటి అధిపతి ఆండ్రూ విట్టీ ఆ మే నెలలో అమెరికా కాంగ్రెస్ కమిటీల ముందు నిలబడి, ఆ ద్వారానికి రెండవ తాళం లేదని ఒప్పుకున్నారు. 2 కోట్ల 20 లక్షల డాలర్లు దుండగులకు చెల్లించారు. 19 కోట్ల మందికి పైగా జనం వివరాలు దీనికి లోనైనాయి.

అంత డబ్బున్న సంస్థకు లోపించినది ఏదో గొప్ప యంత్రం కాదు. ఒక రెండవ తాళం. మన బ్యాంకు ఖాతాకు వచ్చే ఓ.టి.పి. వంటిది. అది మన వంటి పేద ఆసుపత్రి కూడా పెట్టుకోగలిగినదే.

మాకు తెలిసిన మూడు పద్ధతులు

మాకు కంప్యూటరు చదువు లేదు. కానీ ప్రమాదకరమైన వస్తువును అందుబాటులోనూ, అదుపులోనూ ఉంచడం ఎలాగో నర్సులకు ఎవరూ నేర్పనక్కరలేదు. మేము రోజూ చేసే పని అదే.

మొదటిది మార్ఫిన్, పెథిడిన్ ఉంచే బీరువా. దానికి రెండు తాళాలు. తాళం చెవి షిఫ్ట్ ఇన్‌చార్జి దగ్గరే ఉంటుంది. ఒక్క ఆంప్యూలు తీసినా ఎవరికి, ఎప్పుడు, ఎవరు చెప్తే, ఎవరు చూస్తుండగా అని రిజిస్టరులో రాయాలి. డ్యూటీ మారినప్పుడు ఇద్దరూ కలిసి లెక్కపెట్టాలి. దూరం నుండి సర్వరులోకి వచ్చే దారి కూడా ఇంతే. రెండు తాళాలు: ఒకటి పాస్‌వర్డు, రెండవది ఫోనుకు వచ్చే సంకేతం. అందరికీ ఒకే పాస్‌వర్డు పనికిరాదు. ఎవరి పేరుతో వారికి వేరే ఉండాలి, ఎవరు వచ్చారో, ఎప్పుడు వచ్చారో, ఏమి చేశారో సర్వరే రాసిపెట్టాలి. ఉద్యోగం మానివెళ్లిన రోజునే వారి పేరు కొట్టివేయాలి. యూనిఫాం, తాళాలు తిరిగి తీసుకొని ఇది తీసుకోకపోవడం ఏమి పద్ధతి?

రెండవది అత్యవసర ట్రాలీ. గుండె ఆగిన మనిషికి కావలసిన అడ్రినలిన్, అట్రోపిన్, గొంతులో గొట్టం వేసే సామాను అందులో ఉంటాయి. దానికి తాళం వేస్తే చెవి వెదికేలోగా ప్రాణం పోతుంది. అందుకని నంబరు ఉన్న ప్లాస్టిక్ సీలు వేస్తాము. ఒక్క లాగుతో తెగుతుంది. కానీ తెగిందంటే అందరికీ తెలుస్తుంది. వాడిన తర్వాత మళ్లీ నింపి, కొత్త సీలు వేసి, నంబరు రాయాలి. ప్రతి షిఫ్టులో సీలు చూడాలి. సర్వరుకు ఒక అత్యవసర పాస్‌వర్డు ఇలాగే ఉండాలని మా అభిప్రాయం. పొడవైన పాస్‌వర్డు, కాగితం మీద రాసి, కవరులో పెట్టి, సీలు వేసి, సంతకం చేసి సూపరింటెండెంటు బీరువాలో ఉంచాలి. నిజమైన అవసరం వస్తే ఇద్దరి ఎదుట చింపాలి. మరుసటి పగలే ఆ పాస్‌వర్డు మార్చి కొత్త కవరు పెట్టాలి. మా మానిటరు మీద అంటించిన కాగితానికీ దీనికీ తేడా ఒక కవరు, ఒక సంతకం, అంతే. కానీ ఆ తేడాలోనే అంతా ఉంది.

మూడవది ఫోనులో చెప్పే మందు. రాత్రి డాక్టరుగారు ఇంటి నుండి ఫోనులో మందు చెప్తే నర్సు రాసుకొని, తిరిగి చదివి వినిపించి, "అవును" అనిపించుకొని, తరువాత సంతకం పెట్టించుకోవాలి. గొంతు తెలియనివారు చెప్తే ఇవ్వకూడదు. సర్వరు విషయంలోనూ అంతే. "ఫలానా కంపెనీ నుంచి మాట్లాడుతున్నా, తెరవండి" అని ఎవరు అడిగినా ఫోను పెట్టేసి, మన రిజిస్టరులో ముందే రాసి ఉన్న నంబరుకు మనమే తిరిగి చేయాలి. వారు చెప్పిన నంబరుకు కాదు.

వీటికి తోడు ఇంజనీర్లు చెప్పే రెండు మాటలు. దూరపు దారిని నేరుగా ఇంటర్నెట్టు మీద పెట్టకూడదు. వీధి వెంట పోతూ ఏ ఇంటి తలుపు తెరిచి ఉందో నెట్టి చూసే దొంగల వలె, ప్రపంచంలో తెరిచి ఉన్న కంప్యూటర్ల కోసం రాత్రింబగళ్లు వెదికే యంత్రాలు ఉన్నాయి. వి.పి.ఎన్. అనే మరుగైన సొరంగం గుండానే రావాలి. సర్వరులోని చిన్న కంప్యూటరుకు ఈ నియమం ఇంకా గట్టిగా వర్తిస్తుంది. రెండవది, ఆ దారి మామూలు రోజుల్లో మూసి ఉండాలి. అవసరం వచ్చినప్పుడు మన మనిషి తెరవాలి, రెండు గంటలకో మూడు గంటలకో దానంతట అదే మూతపడాలి.

పన్నెండు నిమిషాల తగాదా

ఇంత చెప్పిన తర్వాత మాకు ఎదురైన ఒక చిక్కు చెప్పకపోతే అన్యాయమవుతుంది. ఈ నియమాలు పెట్టుకొన్న కొన్నాళ్లకు ఒక రాత్రి బయటి సంస్థ ఇంజనీరు ఫోను చేసి, దారి తెరవమన్నాడు. కొత్తగా చేరిన చిన్న సిస్టరు డ్యూటీలో ఉంది. ఆమె "క్షమించండి సార్, మేమే తిరిగి ఫోను చేస్తాము" అని పెట్టేసింది. రిజిస్టరు చూసి, నంబరు వెదికి, రెండవ మనిషిని పిలిచి, తిరిగి చేసేసరికి పన్నెండు నిమిషాలు పట్టింది. అతడు నిజమైన ఇంజనీరే. సర్వరులో లోపమూ నిజమే. మరునాడు ఫిర్యాదు వచ్చింది. "పాపం పనిచేయడానికి వచ్చిన మనిషిని దొంగను చూసినట్లు చూశారు, పన్నెండు నిమిషాలు ఓ.టి. లిస్టు ఆగింది" అని. ఆ పిల్లను మందలించాలని ఒకరిద్దరు అన్నారు.

మేము ఆమె పక్షాన నిలబడ్డాము. ఇప్పటికీ నిలబడతాము. నకిలీ మనిషి ఫోను చేసినప్పుడు అతని గొంతు కూడా ఇలాగే తొందరగా, కోపంగా, అధికారంగా ఉంటుంది. తొందరపెట్టడమే వారి ఆయుధం. ఈరోజు నిజమైనవానిని ఆపినందుకు ఆమెను మందలిస్తే, రేపు నకిలీవాడు ఫోను చేసిన రాత్రి ఆమె భయపడి తలుపు తీస్తుంది. ఆ తప్పు అప్పుడు ఎవరిది? రాత్రి డ్యూటీలో అందరికంటే చిన్నది, అందరికంటే తక్కువ జీతం తీసుకునేది ఆమే. ఇంత పెద్ద ద్వారానికి కాపలా ఆమె మీద పెట్టి, వెనుక నుండి అండ లేకుండా వదలడం తగదు.

అయితే పన్నెండు నిమిషాలు ఎక్కువే. అది ఒప్పుకోవాలి. ఆలస్యం ఆమె అనుమానం వలన కాదు, మా ఏర్పాటు వలన వచ్చింది. నంబరు ఎక్కడో వెనుక పేజీలో ఉంది. రెండవ మనిషి ఎవరో ఆ రాత్రికి నిర్ణయించలేదు. ఇప్పుడు నంబరు రిజిస్టరు మొదటి అట్ట లోపలే అతికించాము. రెండవ మనిషి పేరు డ్యూటీ లిస్టులోనే రాస్తున్నాము. మూడు నెలలకు ఒకసారి అగ్నిప్రమాద కసరత్తు చేసినట్లు దీనినీ చేసి చూస్తున్నాము. మొన్నటి కసరత్తులో నాలుగు నిమిషాలు పట్టింది.

ఆ నాలుగు నిమిషాలు కూడా రోగి కాచుకోకూడదు. అందుకే ప్రతి వార్డులో ఎరుపు అట్ట ఫైలు ఒకటి పెట్టాము. సర్వరు ఆగిన క్షణం నుండి కేస్ షీటు, ల్యాబ్ చీటీ, మందుల చీటీ కాగితం మీద నడుస్తాయి. సర్వరు లేచిన తర్వాత వాటిని ఎక్కిస్తాము. కంప్యూటరు కోసం రోగి ఆగకూడదు. ఈ మాట ఒక్కటి గట్టిగా పట్టుకొంటే తలుపు తీయడంలో తొందర దానంతట అదే తగ్గుతుంది.

యాజమాన్యానికి మా మనవి

ఒక ఎక్స్‌రే మిషను కొనేటప్పుడు అందరూ ముందుకు వస్తారు. దాని ముందు ఫోటో తీసుకోవచ్చు. తాళానికి ఫోటో ఉండదు. అయినా దానికి కొంత డబ్బు కేటాయించమని కోరుతున్నాము. సమాచారానికి ప్రతి రోజూ ఒక ప్రతి తీసి, సర్వరుకు తగిలించకుండా వేరే చోట, వీలైతే వరద నీరు చేరని పై అంతస్తులో ఉంచాలి. ఆ ప్రతి నుండి తిరిగి తెచ్చుకోగలమా అని అప్పుడప్పుడు పరీక్షించాలి. బయటి సంస్థతో రాసుకొనే ఒప్పందంలో వారి మనుషులు ఎవరెవరు, ఏ నంబరు నుండి, ఏ వేళల్లో రావచ్చో రాయించాలి. దాడి జరిగితే ఆరు గంటల్లోగా సెర్ట్-ఇన్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థకు తెలియజేయాలని 2022 ఏప్రిల్‌లో ఆదేశం వచ్చింది. వ్యక్తుల సమాచారాన్ని కాపాడే చట్టం 2023లో పార్లమెంటు ఆమోదం పొందింది. చట్టం ఉన్నా లేకున్నా, ఒక మనిషి తన రోగం సంగతి మనకు నమ్మి చెప్పాడు. ఎవరికి క్షయ ఉందో, ఎవరికి హెచ్.ఐ.వి. ఉందో, ఏ అమ్మాయికి గర్భం పోయిందో ఆ పెట్టెకు తెలుసు. మన ఊళ్లలో ఒక మాట బయటికి పొక్కితే ఒక పెళ్లి ఆగిపోతుంది, ఒక కుటుంబం ఊరు విడుస్తుంది.

మీకు మా మనవి

సర్వరు ఆగిందని కౌంటరులో చెప్పినప్పుడు దయచేసి ఓపిక పట్టండి. "తొందరగా తెరవండమ్మా, ఎంతసేపు" అని మీరు గట్టిగా అన్నప్పుడు లోపలున్న చిన్న సిస్టరు చెయ్యి వణుకుతుంది. అటువంటప్పుడే తప్పులు జరుగుతాయి.

మీ డిశ్చార్జి కాగితాలు, ముఖ్యమైన రిపోర్టులు ఒక సంచిలో పెట్టి జాగ్రత్తగా తెచ్చుకోండి. ఏ మందు పడదో ఒక చీటీ మీద రాసి పర్సులో పెట్టుకోండి. మా సర్వరు ఆగినా మీ సంచి ఆగదు.

రాజంపేట, రాయచోటి వైపు నుండి కువైటు వెళ్లిన బిడ్డలు ఎందరో ఉన్నారు. "మా అమ్మకు ఎట్లుంది సిస్టర్, రిపోర్టు వాట్సాప్‌లో పంపండి" అని ఏడుస్తూ ఫోను చేస్తారు. వారి బాధ మాకు తెలుసు. కానీ గొంతు విని బిడ్డో కాదో చెప్పలేము. అందుకే చేర్చుకొనేటప్పుడే ఎవరికి చెప్పవచ్చో, ఏ నంబరుకో మీ చేత రాయించుకొంటున్నాము. ఆ గడి ఖాళీగా వదలకండి.

చివరిగా ఇంటి సంగతి. ఆసుపత్రి ద్వారం తట్టే దొంగే మీ ఫోను ద్వారం కూడా తడతాడు. "బ్యాంకు నుంచి మాట్లాడుతున్నాం, ఎనీడెస్క్ అనే యాప్ వేసుకోండి, అందులో వచ్చే అంకెలు చెప్పండి" అంటాడు. ఆ అంకెలు చెప్పి, యాప్ అడిగిన అనుమతి ఇస్తే మీ ఫోను తెర అతని తెర అవుతుంది. ఇటువంటి మోసం గురించి 2019 ఫిబ్రవరిలోనే రిజర్వు బ్యాంకు హెచ్చరించింది. యాప్ చెడ్డది కాదు. దానితోనే ఇంజనీర్లు నిజాయితీగా పని చేస్తారు. తలుపు ఎవరికి తీస్తున్నామన్నదే ప్రశ్న. పింఛను తీసుకొనే అవ్వాతాతలకు ఈ మాట కూర్చోబెట్టి చెప్పండి. ఫోను పెట్టేయడం మర్యాద తప్పడం కాదని చెప్పండి. పొరపాటున మోసపోతే సిగ్గుపడి దాచకుండా వెంటనే 1930కు ఫోను చేయాలి. ఎంత త్వరగా చేస్తే డబ్బు నిలిపే అవకాశం అంత ఎక్కువ.

మా బీరువాలో ఇప్పుడు ఒక కవరు ఉంది. దాని మీద ఇద్దరి సంతకాలు, ఒక తేదీ ఉన్నాయి. ప్రతి సోమవారం రౌండ్లకు ముందు దానిని తీసి, సీలు చూసి, మళ్లీ పెడతాము. చింపే రోజు రాకూడదనే కోరుకుంటాము. వస్తే ఎవరు చింపాలో, ఎవరు చూడాలో, తరువాత ఏమి చేయాలో రాత్రి డ్యూటీలో ఉన్న అందరికంటే చిన్న సిస్టరుకు కూడా తెలుసు.

మానిటరు మీద ఇప్పుడు ఏ కాగితమూ లేదు. మీరు వచ్చినప్పుడు చూడండి. ఉంటే మాకు చెప్పండి.